"అయిపోయింది" అన్న మాట

చిట్టితల్లికి,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాయనమ్మా బాగానే ఉన్నాం. బాగానే అంటే మూడు పూటలా తింటున్నాం, రెండు పూటలా పోట్లాడుకుంటున్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ ఎలా ఉన్నారో నీ ఉత్తరంలోనే తెలిసింది కాబట్టి, ఎలా ఉన్నారని అడగడానికి నోరు రావడం లేదు.

నీ ఉత్తరం అంది ఇవాళ్టికి పదకొండు రోజులు. ఫోన్ చెయ్యొద్దు, మాట్లాడే ఓపిక లేదు, రాస్తే చదువుతానన్నావు. అప్పటి నుంచీ పని నుంచి రాగానే కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి జవాబు తేలిక. నాలుగోది చివర్లో పెన్ను నొక్కిపట్టి రాశావు, కాగితం వెనక తడిమితే అక్షరాలు వేలికి తగులుతున్నాయి. "బిడ్డ నిలవలేదని నేను ఫోన్‌లో చెప్తే, మంచిదే అన్నావు. ఎందుకు నాన్నా?" దాని దగ్గరికి వస్తాను. కాస్త ఓపిక పట్టు. పిరికివాణ్ణి, తేలికవాటితో మొదలుపెడతాను.

మీ నాయనమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. నొప్పీ ఉంది, ఆవిడా ఉంది, ఎవరూ తగ్గడం లేదు. చెవులు మాత్రం పూర్తిగా మూతపడ్డాయి. ఆ మధ్య "అమ్మా, మందు వేసుకున్నావా?" అని అడిగితే, "తలుపు వేశాన్రా, గొళ్లెం కూడా పెట్టాను" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత మన ఇంట్లోనే పుట్టిందని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అప్పటికి నవ్వొచ్చింది.

వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. గోడ ఎప్పుడు వదిలితే అదే నా వేళ.

మూడోది, ఒక్కడివే నిచ్చెనెక్కి అంతంత టీవీలు ఎత్తుతున్నావా అని. ఎత్తేటప్పుడు ఇంటివాళ్లలో ఎవరో ఒకరు చెయ్యి వేస్తారులే. అయినా టీవీని గోడకు తగిలించడం కష్టం కాదమ్మా, కష్టమంతా తీగ దగ్గరే. ఒకప్పుడు తీగలు జడలు జడలుగా వేలాడుతున్నా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు గడపలో అడుగు పెట్టకముందే "తీగ కనపడకూడదు" అంటున్నారు. బొమ్మ రావాలి, తీగ కనపడకూడదు. అందుకని టీవీ వెనక నుంచి కింద సెట్‌టాప్ బాక్స్ పెట్టే బల్ల దాకా గోడలో గాడి కొట్టాలి. కరెంటు తీగకు ఒక గొట్టం, బొమ్మ తీగకు విడిగా ఇంకో గొట్టం. ఈ బొమ్మ తీగ మూతి వెడల్పుగా ఉంటుంది, గొట్టం వంపులో ఇరుక్కుందంటే ఉడుంపట్టే. ముందు సన్నటి తీగ ఒకటి దూర్చి, దాని కొసకు దీన్ని కట్టి, చంటిపిల్లను నిద్రలేపినట్టు బతిమాలుతూ లాగాలి. ఆ తర్వాత గాడి పూడ్చి, నున్నగా చేసి రంగు వేస్తే, అక్కడ నేను పని చేసినట్టే తెలియదు. ఈ మధ్య బాగా అలిసిపోతున్నాను.

పనంతా ముగిశాక ఇంటివాళ్లను పిలిచి ఒక మాట అంటాను. "అయిపోయిందండీ, చూసుకోండి." ఇరవై ఆరేళ్లుగా రోజూ అంటున్న మాట. అది అన్నాకే డ్రిల్లు చల్లబడుతుంది, ఎవరో టీ తెస్తారు, నేను నడుం వాలుస్తాను. నాకు తెలిసినంతలో ఇంతకన్నా తీపి మాట లేదు. ఇది ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో పని. సందు చివర మేడ మీద రెండు గదులు, గోడ పొడుగునా పుస్తకాలు. ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. నేను మంచిదే అన్నానా? కన్నకూతురి కడుపు పోయిందంటే ఎవడైనా ఆ మాట అంటాడా? నువ్వే పొరపాటు పడ్డావనుకున్నాను. ఏడుపులో ఏదో విని ఇంకేదో అనుకున్నావని, దేవుడు క్షమించాలి, నీ మీదే కోపం తెచ్చుకున్నాను.

గోడ తట్టి చూశాను. నీకు తెలుసుగా, గోడలో గొట్టాలు వెతకడానికి నేను మిషన్ వాడను. వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటాను. పలుకులో తేడాను బట్టే లోపల ఏముందో చెప్పేస్తానని పదిమందీ నన్ను గోడల డాక్టరంటారు. ఆ రోజూ తట్టాను. వట్టి ఇటుకే అనిపించింది. డ్రిల్లు పెట్టాను. నిమిషం కాలేదు, నీళ్లు మొహాన కొట్టాయి. టీచరమ్మ పరిగెత్తి నీళ్లు కట్టేసే లోపు కొత్త టీవీ అట్టపెట్టె, ఒక అరలోని పుస్తకాలు, నేను, అందరం తడిసి ముద్దయ్యాం.

"అక్కడ బాత్రూం గొట్టం ఉంది, ఆగు ఆగు అని మూడుసార్లు అరిచాను కదయ్యా!" అంది ఆవిడ, నా ఎదురుగా వచ్చి నిలబడి.

"డ్రిల్లు చప్పుడులో వినపడలేదమ్మా."

"డ్రిల్లు పెట్టకముందే రెండుసార్లు చెప్పాను. నువ్వు తల కూడా ఊపావు. ఏదీ, అటు తిరుగు."

గోడ వైపు తిరిగాను. కాసేపటికి ఆవిడ భుజం తట్టింది.

"నీ వెనక నిలబడి పిల్లలెంతమంది అని అడిగాను. టీ తాగుతావా అని అడిగాను. నీ నెత్తి మీద బల్లి ఉందని కూడా చెప్పాను. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. టీకి కూడా పలకని పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను బాబూ. వినపడని పిల్లాడు వినపడలేదని చచ్చినా ఒప్పుకోడు. నలుగురూ తలూపితే తలూపుతాడు, నలుగురూ నవ్వితే నవ్వుతాడు. నువ్వూ అంతే. ఎన్నాళ్లయింది?"

నీళ్లలో అలాగే కూర్చుండిపోయాను. జేబులో నీ ఉత్తరం తడిసింది. నీ నాలుగో ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది.

నాకు వినపడటం లేదు తల్లీ. ఇవాళ తెలిసిన సంగతి కాదు, రెండేళ్లుగా తెలుసు. తెలియనట్టు తిరిగాను. గోడల డాక్టరుకు చెవులు పోయాయని తెలిస్తే ఏ ఇంటివాళ్లు పిలుస్తారు? ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి నెట్టుకొచ్చాను. ఫోన్‌లో పెదాలుండవు కదా. అందుకని మూడు మాటలు పెట్టుకున్నాను. ఆఁ, సరే, మంచిదే. ఆ మూడు మాటలతోనే నీతో రెండేళ్లు మాట్లాడాను.

ఆ రోజు నువ్వు ఫోన్ చేసేసరికి ఎవరింట్లోనో నిచ్చెన మీద ఉన్నాను. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆ వారం నీకు స్కాన్ ఉందని ముందే చెప్పావు కాబట్టి "స్కాన్" అన్న మాట పట్టుకున్నాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడావు. ఏం మాట్లాడావో నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. చివర్లో ఒక్క మాట స్పష్టంగా వినపడింది. "అంతా అయిపోయింది నాన్నా." నాకేమో ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది. పరీక్షలన్నీ అయ్యాయి, బిడ్డ బాగుంది, నువ్వు ఇంటికి వచ్చేశావు అనుకున్నాను. "అయిపోయిందా! హమ్మయ్య, మంచిదే తల్లీ, ఇక నిశ్చింతగా ఉండు" అన్నాను.

అన్నాను తల్లీ. నువ్వు పొరపాటు పడలేదు. ఆ మాటలు నావే. ఫోన్ పెట్టేసి ఆ ఇంటావిడతో "మా అమ్మాయికి అంతా బాగుందట" అని కూడా చెప్పాను. ఆవిడ సంతోషించి టీలో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసి ఇచ్చింది. తాగాను. అల్లుడు ఊరి నుంచి రాగానే రెండుసార్లు ఫోన్ చేశాడని, నేను ఎత్తలేదని రాశావు. మోగినట్టే నాకు తెలియదు. ఆ ఫోన్‌కూ నీ ఉత్తరానికీ మధ్య మూడు వారాలూ నువ్వు ఫోన్ చెయ్యకపోతే, ఒళ్లు బరువెక్కి పడుకుంటున్నావని మురిసిపోయాను.

ఎనిమిదేళ్లప్పుడు నువ్వు దూది ఉండలు చేసి నా జేబులో వేసేదానివి. "చెవుల్లో పెట్టుకో నాన్నా, చప్పుడు" అనేదానివి. వాటితో టీవీ అద్దాలు తుడిచేవాణ్ణి.

టీచరమ్మ ఇంటి గొట్టం నేనే మార్చాను. గాడి పూడ్చి, తడి ఆరాక రంగు వేసి, రెండు తీగలూ లాగి, టీవీ తగిలించాను. బొమ్మ వచ్చింది. "అయిపోయిందండీ" అనాల్సిన చోట ఆ మాట వదిలేశాను. "చూసుకోండి" అని మాత్రం అన్నాను. ఆవిడే నన్ను చెవి డాక్టరు దగ్గరికి పంపింది. కుడి చెవి దాదాపు పోయిందట. ఎడమది సగం మిగిలిందట, మిషన్ పెట్టుకుంటే పనికొస్తుందన్నాడు. పెట్టుకుంటాను. ఇకనుంచి పని ఒప్పుకునేటప్పుడే చెవుల సంగతి చెప్పేస్తాను. పిలిచేవాళ్లు పిలుస్తారు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అది నీ ఇష్టం, నీ ఓపిక. ఒక్కటే అడుగుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. వద్దంటే గుమ్మంలోంచే వెనక్కి వెళ్తాను. రానిస్తే మాత్రం వెనక నుంచి మాట్లాడకు, నా ఎడమ పక్కన కూర్చో, మొహం నా వైపు పెట్టు. ఆ రోజు ఫోన్‌లో చెప్పినదంతా మొదటి నుంచి మళ్లీ చెప్పు. ఎంతసేపైనా సరే. ఈసారి నేను ఆఁ అనను, సరే అనను. "అయిపోయింది నాన్నా" అని నువ్వు అన్నాక కూడా లేవను, అక్కడే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
నువ్వు చెప్పింది ఇంకా వినాల్సిన
మీ నాన్న