బ్లేడు లేని మిషను

తమ్ముడూ,

మేం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. బడిలో మీ బావ నెట్టుకుంటూ గడ్డి కోసే మిషను చెట్టు మొద్దుకి కొట్టుకుని, ఇంజను షాఫ్టు వంగిపోయింది కదా. నువ్వు పంపిన కొత్త ఇంజను ఆయనే బిగించారు. బోల్టులన్నీ అతికినట్టు సరిపోయాయి. తాడు ఒక్కసారి లాగగానే స్టార్టయింది. తీరా చూస్తే దీని షాఫ్టు లావు. బ్లేడుని షాఫ్టుకి పట్టి ఉంచే పాత హబ్ దానికి ఎక్కదు, హబ్ లేకపోతే బ్లేడు బిగించలేం.

ఆ మాట పెద్ద సారుకి చెబితే పనిలోంచి తీసేస్తారని మీ బావ భయం. అందుకే బ్లేడు లేని మిషను మోగించుకుంటూ ముందర మీ బావ నడుస్తున్నారు. వెనకాలే నేను గొంతుక్కూర్చుని కొడవలితో కోస్తున్నాను. "ఆ చప్పుడు ఆపకండి, నా మూలుగు బయటికి వినపడుతుంది" అన్నాను. నవ్వుతారనుకుంటే కళ్లు తుడుచుకున్నారు.

ఇవాళ పెద్ద సారు గదిలోంచే చప్పుడు విని, సాయంత్రం కోసిన గడ్డి చూసి, "కొత్త ఇంజను భలే పనిచేస్తోందయ్యా!" అని మెచ్చుకున్నారు. రేపట్నుంచి ఆటల మైదానం కూడా మాకే అప్పజెప్పారు.

ఈ షాఫ్టుకి పట్టే హబ్ తీసుకుని ఉన్నపళంగా బయలుదేరు. అది దొరక్కపోతే, నీ కొడవలి నువ్వు తెచ్చుకో.

నడుం పట్టేసిన
నీ అక్క