ఎడమ పక్క కిక్

నవంబరు 3, ఆదివారం

బండ్ల పొగకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన ఈ చేతులతోనే, పొగ కక్కే టూ స్ట్రోక్ బండి కొనబోతున్నాను. రాసేశాను. ఇక సిగ్గుపడడం అయిపోయింది.

కారణం పవన్‌కుమార్. కంకిపాడు వాడు, కాలేజీలో నా పక్క బెంచీ. వాడికి ఆర్‌ఎక్స్ హండ్రెడ్ ఉంది. డిసెంబరు ఒకటిన కొండపల్లి అవతల పాత క్వారీ దారిలో టూ స్ట్రోక్ వాళ్లంతా కలిసి కొండెక్కుతున్నారు. రేసు కాదట. రాళ్లూ గుంటలూ మలుపులూ దాటుకుంటూ, వీలైనంత తక్కువగా కాలు కింద పెడుతూ పైకి చేరాలట. టెక్నికల్ ట్రయల్ అన్నాడు. నేనూ వస్తానన్నాను. వస్తావులే, బండేదిరా, కరపత్రం మీద వస్తావా అన్నాడు.

ఆటోనగర్‌లో మెకానిక్ ఏసుపాదం షెడ్డులో రెండున్నాయి. ఒకటి ఆర్‌ఎక్స్ వన్ థర్టీఫైవ్. రెండోది యెజ్డీ. రెండింటికీ మట్టి టైర్లు వేసి, మడ్‌గార్డులు పైకెత్తి, కొండకు తయారుచేసి పెట్టాడు. ధర ఇంచుమించు ఒకటే, కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. పదిహేడో తారీఖులోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

యెజ్డీ స్టార్ట్ చేద్దామని కుడి పక్క కిక్ రాడ్డు కోసం చూశాను. లేదు. విప్పి అమ్ముకున్నావా అని ఏసుపాదం మీద అరిచాను. ఆయన బీడీ తీసి, బాబూ, అరిచే ముందు ఒకసారి ఇటుపక్కకు రండి అన్నాడు. కిక్ ఎడమ పక్క ఉంది. అదీ విడిగా లేదు, గేరు రాడ్డే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది. స్టార్టయ్యాక కిందికి వాలిస్తే మళ్లీ గేరు. కొత్తవాళ్లందరూ కుడి పక్కే వెతుకుతారండి, దొంగతనం అంటగట్టింది మాత్రం మీరొక్కరే అన్నాడు.

తప్పు పక్కన కిక్ పెట్టిన బండి నాకొద్దు.

అదే రోజు, సాయంత్రం ఏడు

ఆపాకు చెప్పాను. మా ఆపా, అంటే అక్క, సాలేహా నాకంటే ఆరేళ్లు పెద్ద. కంకిపాడులో ప్రైవేటు స్కూల్లో టీచరు. నా కరపత్రాలు మడతపెట్టేది తనే. ఇప్పుడు మడుస్తున్నవి గులాబీ కాగితాలు, జిరాక్స్ వాడు ఇంకా వేడిగా ఉండగానే ఇచ్చేశాడు. పైన పెద్దక్షరాల్లో ‘రోడ్డు ఎవరిది?’ అని ఉంటుంది. ఆడవాళ్లకు బండ్లివ్వండి, రోడ్డు మీద వాళ్ల వాటా వాళ్లకివ్వండి అని రాశాను. రాసేటప్పుడు నా కళ్లలోనే నీళ్లు తిరిగాయి.

ఆపా కుడి కాలు పీట మీద చాపుకుని, గోటితో మడత గీస్తూ, ఏ బండి మెల్లగా పోయినా ఆగిపోకుండా లాగుతుంది అని అడిగింది. నేను టాప్ స్పీడ్ చెప్పాను. రాళ్ల మీద టాప్ స్పీడెందుకురా, పళ్లు రాలగొట్టుకోడానికా అంది.

మూడు నెలలుగా రాళ్ల మీద బండ్లెక్కించే వీడియోలు నాకు పంపుతూనే ఉంది. నా కోసం ఎంత ఓపికగా చూస్తుందో.

నవంబరు 5, మంగళవారం

బండి నేర్పింది కూడా ఆపాయే. అప్పుడు అబ్బాకు, అంటే మా నాన్నకు, మోపెడ్ ఉండేది. మా అబ్బా అల్లాబక్ష్‌కి వన్ టౌన్‌లో తాళ్లూ గోనెసంచుల కొట్టు. మధ్యాహ్నం అబ్బా కొట్టు వెనక కునుకు తీస్తే ఆపా తాళం తీసేది. నన్ను వెనక ఎక్కించుకుని బందరు కాలువ గట్టు దాకా పోయేది. అక్కడ నన్ను ముందు కూచోబెట్టి, తను వెనక నుంచి చేతులు చాపి నా చేతుల మీద వేసేది. నీలంగా పొగ. నూనె మాడిన వాసన.

పొగ గురించి నేను చదవనిది లేదు. ఊపిరితిత్తుల బొమ్మలున్న పుస్తకాలు కూడా చదివాను. కాని ఆ వాసన ఎక్కడ తగిలినా నా చేతుల మీద ఆపా చేతులున్నట్టే ఉంటుంది. దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

రెండేళ్ల క్రితం స్కూలు నుంచి వస్తుంటే ట్రాక్టర్ ట్రాలీ తన స్కూటర్‌ని పక్కకు నెట్టేసింది. కుడి మోకాలికి ఆపరేషన్. ఇప్పుడది కుర్చీలో కూచునేంత వరకే వంగుతుంది. డాక్టర్ గారు నడవచ్చన్నారు, మెట్లెక్కచ్చన్నారు, ఆ కాలితో దేన్నీ గట్టిగా తన్నొద్దన్నారు. అప్పట్నుంచి నన్ను తన్నాలన్నా ఎడమ కాలే వాడుతోంది. స్కూలుకు బస్సులో పోతోంది.

నవంబరు 8

బండి గురించి అబ్బాతో గొడవ. ముందు లేచింది నా నోరే.

నవంబరు 10, ఆదివారం

ఆర్‌ఎక్స్ నడిపి చూడ్డానికి తీసుకున్నాను.

పొద్దున కంకిపాడు దగ్గర కాలువ గట్టు మీద, పవన్ బండి వెనకాల. వాన పడి ఉంది. నల్లమట్టి టైర్లకు ముద్దలు కడుతోంది. బండి గాలిలా పోయింది. నేను అరుస్తున్నాను, అది అరుస్తోంది. ఇదే నా బండి అనుకున్నాను.

మధ్యాహ్నం క్వారీ దారి. మొదటి మలుపు ఎక్కీ ఎక్కకముందే వెనక చక్రం రాయి మీద గిర్రున తిరిగింది, బండి అడ్డంగా పడింది, దాని కింద నేను. లేచి కిక్ కొట్టాను. స్టార్ట్ కాలేదు. మళ్లీ కొట్టాను. కొట్టేకొద్దీ కోపం, కోపం వచ్చేకొద్దీ కొట్టడం. పవన్ రాయి మీద కూచుని వేరుశెనక్కాయలు తింటూ, పెట్రోలు ఓవరయ్యిందిరా నాయనా, దాన్ని కాసేపు వదిలెయ్, అది నీ ప్రభుత్వం కాదు అన్నాడు. హెల్మెట్ తీసి లోయలోకి విసిరాను. తర్వాత నేనే దిగి తెచ్చుకున్నాను.

నవంబరు 11

తొడ నల్లగా కమిలింది. ఆపా మందు రాస్తూ, ఎక్కడ పడ్డావు, రాయి ఎటు వాలి ఉంది, ఏ గేరులో ఉన్నావు అని లాయరులా అడిగింది. అన్నీ చెప్పాను. అంతా విని, మన కాలువ గట్ల వాళ్లందరూ చేసే తప్పే చేశావు అంది. బురదలో నేర్చుకున్నాం కదా. బురదలో ఆగితే దిగబడిపోతామని యాక్సిలేటర్ వదలం. రాయి మీద అదే పడేస్తుంది. రాయి మీద ఇంజన్‌ని నమ్మి, ఊపిరి బిగబట్టకుండా, మెల్లగా పోవాలి అంది.

ఆగి, ఆ యెజ్డీ ఇంకా ఉందా అని అడిగింది. ఉందిలే, ఆ ఎడమ పక్క కిక్ బండి అన్నాను. తెలుసు అంది.

ఆ ‘తెలుసు’ నేను పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కి తిరగేసి చదువుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది. (ఈ చివరి మాట పదహారున రాసింది.)

నవంబరు 16, శనివారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఆపాకు ఒంటిపూట బడి. నేనూ వస్తా, చూస్తా అంది. ఆటోనగర్ వెళ్లాం. నేను ఆర్‌ఎక్స్ అని ఖాయం చేసుకునే పోయాను. పడితే పడ్డాను, నేర్చుకుంటాను.

ఆపా ఆర్‌ఎక్స్ కుడి పక్కకు వెళ్లి, కిక్ రాడ్డును చెప్పు కొసతో ఒకసారి తాకింది. అంతే, వదిలేసింది. యెజ్డీ దగ్గరకు నడిచింది. హ్యాండ్‌బ్యాగ్ నా చేతికిచ్చింది. చున్నీ నడుముకు చుట్టి ముడేసింది. అందరం ఎడమ పక్క నుంచి ఎక్కుతాం. తను కుడి పక్క నుంచి, కుడి కాలు నేల మీద నిలబెట్టి, ఎడమ కాలు తిప్పి ఎక్కింది. గేరు రాడ్డు లోపలికి నొక్కి పైకి తిప్పింది. వెతకలేదు. వంగి చూడలేదు కూడా. ఇంట్లో ఎన్నిసార్లు మనసులో తిప్పి ఉంటుందో.

మూడో కిక్‌కి స్టార్టయింది. షెడ్డు నిండా పొగ. ఆపా కళ్లు మూసుకుంది.

ఏసుపాదం పానా పట్టుకుని అలాగే నిలబడి, అమ్మా, మీరు ముందు నడిపారా దీన్ని అన్నాడు. లేదండీ, చూశాను అంతే అంది.

అప్పుడు నేనేం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలి. నేనేం చేశాను? దిగు, మోకాలికేమైనా అయితే అని నలుగురిలో కేకేశాను. అచ్చం అబ్బా గొంతు. ఆపా ఇంజన్ ఆపింది. దిగింది. బ్యాగ్ తీసుకుంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూచుంది. నేనే, కావాలంటే స్కూటర్ నడుపుకోవచ్చు కదా, దానికి బటన్ ఉంటుంది, తన్నక్కర్లేదు అన్నాను. ఆ బటన్ ఉన్న స్కూటర్‌ని అబ్బా అమ్మేశాడు కదరా, అమ్మేటప్పుడు నన్నెవరడిగారు అంది. కిటికీలోంచి చూస్తూ, నీ కరపత్రంలో ఊళ్లో వీధులన్నీ ఉన్నాయి అయాన్, మన వీధెక్కడుంది అంది.

కోపంగా కూడా అనలేదు. స్టాపు రాగానే, ట్రయల్‌కి పోయేది నువ్వు, నీకు నప్పింది కొనుక్కో, ఆర్‌ఎక్స్ తేలిక, నీకు బాగుంటుంది అంది. నిజంగానే అంది. అదే భరించలేకపోతున్నాను.

నవంబరు 17, ఆదివారం, పొద్దున

గులాబీ కాగితం మళ్లీ చదివాను. ఆడవాళ్లకు బండ్లివ్వండి. వాటా ఇవ్వండి. తాళం ఇవ్వండి. అంతా ఇవ్వండి, ఇవ్వండి. ఎవడు ఇవ్వాలి? నేనే కదా. మూడు నెలలుగా పంపిన వీడియోలు నా కోసమనుకున్నాను. వాటిలో సగం ఎడమ కిక్ బండ్లే. ఇప్పుడు చూశాను.

పవన్‌కి ఫోన్ చేసి యెజ్డీ అన్నాను. గేదెను కొండెక్కిస్తావా అన్నాడు. ఎక్కించేది నేను కాదు, ఆపా అన్నాను. అయితే గేదె కాదులే, ఏనుగు అనుకో, అక్కకు నా హెల్మెట్ సైజు సరిపోతుందేమో అడుగు అన్నాడు. వాడి మీద ఈ నెలలో కోపం రాని మొదటి రోజు.

మధ్యాహ్నం

కొన్నాను. ఆపాను వెంట తీసుకెళ్లాను, కాగితాలు ఆపా పేరు మీద. ఏసుపాదం తాళం నాకివ్వబోయి, ఆగి, దాన్ని తుడిచి ఆపా అరచేతిలో పెట్టాడు.

నవంబరు 18

బండి చూసి అబ్బా భోజనం మానేశాడు. నేను లేచి స్త్రీల హక్కుల గురించి మొదలుపెట్టాను. ఆపా, నువ్వు నోర్ముయ్యి, నా గొడవ నన్ను పడనీ అంది. నా జీవితంలో విన్న మంచి ఉపన్యాసం అది.

తను లోపలికెళ్లి అబ్బా పక్కన మంచం మీద కూచుంది. తలుపు దగ్గర నాకు వినపడినవి రెండే మాటలు. అబ్బా, నేను పడింది బండి నడపడం రాక కాదు అంది. దానికి అబ్బా, నిన్ను రోడ్డు మీద నుంచి ఎత్తుకొచ్చింది నేనమ్మా, ఆ రోజు వేసుకున్న చొక్కా మళ్లీ తొడుక్కోలేదు అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. అబ్బాను నేను మొండివాడనుకున్నాను. నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ ఆయన లేడు.

నవంబరు 24, ఆదివారం

క్వారీ దారి, కింద సగం మాత్రమే.

యెజ్డీకి పెట్రోల్లో ఆయిల్ మనమే కలపాలి. ఆపా సీసాలో పోసి, పిల్లల దగ్గు మందులా ఊపింది. ఆ చేతులతోనే నాకు టిఫిన్ పెట్టింది. ఇడ్లీకి ఆయిల్ వాసన. తిన్నాను.

బండి టక్ టక్ టక్ అని, ఆలోచించుకుంటున్నట్టు పోయింది. నేను పడిన రాయి మీద ఆపా నడిచినట్టే దాటింది. మూడో మలుపులో ఎడమ పక్కకు వాలి పడింది. నేను పరిగెత్తి తనను పట్టుకోబోతే, ముందు బండిని లేపరా, నేను లేస్తాను అని కసిరింది. మోకాలు బాగానే ఉంది. మోచేయి గీరుకుంది. దానివంక చూసుకుని నవ్వింది. రెండేళ్లలో ఇలా నవ్వడం చూడలేదు.

నేను కూడా నడిపాను. బాగానే ఉంది బండి. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఆర్‌ఎక్స్ మీద ఇంకా మనసుంది.

ఒకటిన ఎవరు నడుపుతారని ఆపా అడిగింది. ఒక్క బండే కదా, నువ్వు ఊరికంతా చెప్పుకున్నావు కదా అంది. నేను వెనక పరిగెత్తుతాను అన్నాను. నిటారుగా ఉన్న చోట బండి వెనక్కి జారకుండా ఒక మనిషి ఉండాలి. అది కూడా ట్రయలే.

నవంబరు 30, శనివారం

రేపటికి బండి తుడుద్దామని కిందికి వెళ్లాను. వెనక క్యారియర్‌కి కొత్త కొబ్బరి తాడు చుట్టి ఉంది. మంచిది, లారీ సరుకుకి వాడే రకం. కొండ మీద బండి ఇరుక్కుంటే లాగడానికి. రెండు కొసలకూ చెయ్యి పట్టేలా ముడులు. అలాంటి ముడి వన్ టౌన్‌లో ఒక్కరే వేస్తారు.

పైన అబ్బా పేపరు చదువుతున్నాడు.

డిసెంబరు 1

దగ్గు తగ్గడం లేదు. కింద నుంచి పైదాకా ఆపా వెనకే పరిగెత్తాను. ఆ పొగంతా నేనే మింగాను.

తను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.