తడి ఆరకముందే

జూన్ 3
మా సైకాలజీ ల్యాబులో మేడమ్ లిస్టు చూసి పెదవి విరిచారు. పిల్లల గ్రూపు నిండింది, నడివయసు గ్రూపు నిండింది. డెబ్బై దాటినవాళ్లలో ఇంకా ఒకరు కావాలి. ఎనిమిది ఇంకు మరకల కార్డులు చూపించి, ఇది ఏమిటిలా ఉంది అని అడగాలి. తర్వాత ఐదు మాటలు చెప్పి, పది నిమిషాలకు మళ్లీ అడగాలి. ఏ వయసులో బుర్ర ఎలా పనిచేస్తుందో చూడటానికట. కార్డులన్నీ ముప్ఫై ఏళ్ల కిందట కాగితం మీద ఇంకు పోసి, మడిచి, మేడమ్ స్వయంగా చేసినవే. మా ఇంట్లోనే ఒకరున్నారని నోరు జారాను.

జూన్ 4
మామయ్యగారు లాయరు కోటు తీసి టీచరమ్మకు ఇచ్చి పంపారు. నెలలో ఇది మూడోసారి. ఆయన నలభై ఏళ్లుగా నడుపుతున్న డ్రైక్లీనింగ్ షాపు. ఇక తాళాలు తీసేసుకుందాం అంటారు మా వారు. షాపు లేకపోతే ఆయన ఏమైపోతారోనని నా భయం. చివరికి ఇద్దరం ఒక మాటకు వచ్చాం. మేడమ్ టెస్టులో ఆయన బాగా చేస్తే షాపు ఉంటుంది, లేకపోతే లేదు. అంత బరువు ఆ టెస్టు మీద పెట్టకూడదని నాకు తెలుసు. అయినా తలూపాను.

జూన్ 5
మా ఆరేళ్ల బుడ్డి పిల్లల గ్రూపులో మొదటి కార్డుకే పదకొండు జవాబులు చెప్పిందట. గబ్బిలం, పోట్లాడుకుంటున్న ఏనుగులు, తాతయ్య మీసం.

జూన్ 9
మామయ్యగారి టెస్టు అయింది. నేను ఇంటి మనిషిని కాబట్టి అడిగింది మేడమ్, రాసుకున్నది నేను. మొదటి కార్డుకు, ఇంకు మరక అన్నారు. రెండోదీ ఇంకు మరకే. ఎనిమిదీ అంతే. ఐదు మాటల్లో ఒక్కటే గుర్తుంది. గుండీ.

మధ్యలో నా చొక్కా కఫ్ మీద ఇంకు చుక్క ఆయన కంట పడింది. ఆ కక్కే పెన్ను పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్ అని మేడమ్ ముందే తలంటారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒకే జవాబు తిప్పి తిప్పి చెబితే మైనస్. అది స్కోరింగ్ రూలు.

జూన్ 10
మా వారికి చెప్పాను. ఆదివారం తాళాలు తీసుకుంటారట.

జూన్ 11, ఉదయం 11
నెత్తి కొట్టుకున్నాను. మాకు కావలసింది మనిషో జంతువో వస్తువో. అందుకని షీటులో ఇంకు మరక అని మాత్రం ఎక్కించి మిగతాది వదిలేశాను. నా నోట్సులో ఆయన చెప్పినవన్నీ ఉన్నాయి. మొదటిది తడి ఆరకముందే మడిచారు, ఒక్కసారే ఒత్తారు. మూడోదాంట్లో నలుపు ఆరాక ఎరుపు పోశారు, అందుకే కలవలేదు. ఐదోదానికి ఇంకు చాలక నీళ్లు కలిపారు. ఏడోది రెండుసార్లు మడిచారు, మొదటి మడత నచ్చలేదు కాబోలు. అన్నీ ఒక్కరి చేతివే, ఎడమచేతి వాటం మనిషి.

ఎనిమిది మరకలకు ఎనిమిది జవాబులు. ఒక్కటీ రిపీట్ కాలేదు. ఆయన ఎంత ముద్దొచ్చారో.

సాయంత్రం 4
నోట్సు చూపిస్తే మేడమ్ ఐదోదాని దగ్గర ఆగారు. ఆ రోజు ఇంకు సీసా అడుగంటితే కుళాయి నీళ్లు కలిపారట. ఎవరికీ చెప్పలేదట. చివరి వాక్యం చదివి, పెన్ను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని నవ్వేశారు. టెస్టప్పుడు ఆవిడ పెన్ను ముట్టుకోనే లేదు.

తర్వాత మెల్లగా, ఐదు మాటలు జారిపోయిన మాట మాత్రం నిజమమ్మా, డాక్టరుకు చూపించండి అన్నారు. షాపు సంగతి నా కార్డులు తేల్చేది కాదు, మీరే తేల్చుకోవాలి అన్నారు.

జూన్ 14, ఆదివారం
మా వారు తాళాలు అడగలేదు. తండ్రి పక్కన కూర్చుని బట్టలకు కట్టే చీటీలు వంద కత్తిరించారు. ఇకమీదట చీటీ మీద పేరుతోపాటు మరక కూడా రాస్తాం. లాయరు, కోటు, ఎడమ మోచెయ్యి, టీ. మరకను ఆయన మర్చిపోరు, పేరు చీటీ చెబుతుంది.

పరీక్ష పాసయ్యానా అని అడిగారు మామయ్యగారు. మీరు పాస్, నేను ఫెయిల్ అన్నాను.

జూన్ 24
డాక్టరు మాత్రలు రాశారు. నెమ్మదిగా తగ్గుతూ వస్తుందట. జబ్బు కాదు, జ్ఞాపకం.

ఆగస్టు 30
ఈ రెండు నెలల్లో ఒక్క బట్టా తారుమారు కాలేదు.

అక్టోబరు 19
షాపుకు వెళితే మామయ్యగారు నన్ను చూసి, ఏం కావాలండీ అన్నారు. కౌంటరు మీద చెయ్యి ఆనించాను. కఫ్ చూశారు. ఆ కక్కే పెన్ను ఇంకా పారెయ్యలేదా అమ్మాయ్ అన్నారు.

పారెయ్యను.