కట్ చేసిన దగ్గు

అక్కా,

ఆ దగ్గు సంగతి నాకెందుకు చెప్పలేదే? నువ్వు పోయినంక ఈ మూడేండ్లుగా నిన్ను ఇదే అడుగుతున్న.

నిన్న సూర్యాపేటలో బస్సెక్కి, హైదరాబాద్‌లో ఆన్‌లైన్ వీడియోలు చేసేవాళ్ల సదస్సుకు ఒక్కదాన్నే పోయిన. మన వంటల ఛానల్ పేరున్న కార్డు మెడలో వేసిండ్రు. అది చూసి కోదాడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పక్కన కూర్చుంది.

"అక్కగారు రాలేదాండీ? ఆవిడ మిమ్మల్ని తిట్టే తిట్ల కోసమే మీ పాత వీడియోలు మళ్లీ మళ్లీ చూస్తానండీ!"

"ఇంటికాడ ఉంది" అన్న. ఎందుకట్ల అన్ననో తెలియదు.

మధ్యాహ్నం స్టేజీ మీద ఒకాయన కొత్త సాఫ్ట్‌వేర్ చూపించిండు. ఒక్క బటన్ నొక్కితే వీడియోలో దగ్గులన్నీ మాయమైతయట. హాలంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు లేవలేదు.

నేను ఆ పని మన వీడియోల్లో ఏడాదిపాటు నీ ఒక్కో దగ్గు వెతికి చేసిన. "మిరపకాయల ఘాటే, గాడ కట్ చెయ్యవే. సూసేటోళ్లు పరేషాన్ అయితరు" అని నువ్వు నవ్వేదానివి.

పెసరపప్పు పాయసం చేసిన రోజు కూడా నువ్వు దగ్గినవ్. ఆ రోజు పొయ్యి దగ్గర ఒక్క మిరపకాయ లేదు. అదీ కట్ చేసిన.

తెలియక చేసిన్నా, తెలిసి కూడా భయపడి చేసిన్నా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.