శుక్రవారం నింపిన తూటాలు

13 జూలై 2025, ఆదివారం

ఇవాళ్టి నుంచి మావయ్యగారి తూటాలు నేనే నింపాలట. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఆయనకి పాతిక మీటర్ల అవతల టార్గెట్ అద్దంలా కనిపిస్తోంది, ముక్కు కింద త్రాసు అంకెలు మాత్రం కనిపించడం లేదు. జిల్లా అంతా తిరిగి త్రాసులు చెక్ చేస్తావు కదమ్మా, ఇంట్లో ఈ ఒక్క త్రాసూ చూసిపెట్టలేవా అన్నారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌ని అయిన పాపానికి ఇదో ఇంటి డ్యూటీ.

రివాల్వర్ త్రీ ఫిఫ్టీ సెవెన్ మేగ్నమ్. వాళ్ళ నాన్నగారి చేతి నుంచి ఈయన లైసెన్సు మీదికి వచ్చింది. బయట దీనికి తూటాలు దొరకడం గగనం. షూటింగ్ క్లబ్ ద్వారా రీలోడింగ్ పర్మిషన్ తెచ్చుకుని, కాల్చాక మిగిలే ఇత్తడి కేసుల్నే మళ్ళీ మళ్ళీ నింపుకుంటూ ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నారు. ఆగస్టు 17న తాడేపల్లిగూడెం దగ్గర షూటింగ్ రేంజ్‌లో వెటరన్స్ మ్యాచ్ ఉంది. ఆయనకి డెబ్భై రెండు. ఇదే నా ఆఖరి మ్యాచ్ అన్నారు. ఏటా అనే మాటే. ఈసారి మాత్రం ఎవరం నవ్వలేదు.

నోట్‌బుక్ ఇచ్చారు. ఇరవై ఏళ్ళ లెక్క. తేదీ, వాతావరణం, గురి అన్నీ ముత్యాల్లాంటి రాతలో ఉన్నాయి. పౌడర్ ఎంత అన్న చోట మాత్రం ప్రతి పేజీలోనూ ఒకటే మాట: ఒక చెంచా.

చెంచా! బజార్లో ఎవరైనా ఇలా కొలిస్తే నేను కేసు రాసేదాన్ని.

16 జూలై, బుధవారం

పాత పౌడర్ డబ్బా అడుగంటింది. ఆ రకం ఇక రాదట. క్లబ్ ద్వారా కొత్త రకం వచ్చింది. రెండింటినీ వేరువేరు కాగితాల మీద పోసి భూతద్దంలో చూశాను. ఒకదాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించాకే రెండోది తీశాను, ఆ బుద్ధి ఉందిలెండి నాకు. పాతది సన్నటి పుల్లల ముక్కల్లా ఉంది. కొత్తది ఆవగింజలో సగం కూడా లేని రేకులు. పాతది నిదానంగా కాలుతుంది, కేసు నిండా పడుతుంది. కొత్తది గబుక్కున అంటుకుంటుంది, అందుకని కేసు అడుగున కొంచెమే పోయాలి. మిగతా అంతా ఖాళీ. రెండుసార్లు పోసినా పైపైన చూసేవాడికి తెలియదు.

ఇది నాకు భలే ఆసక్తిగా ఉంది. ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకుంటాం కదా. అలా కాదట, ఎంత త్వరగా కాలుతుందన్నదే అసలు సంగతట. ఆఫీసు ఫైలు పక్కన పెట్టి మధ్యాహ్నం అంతా పౌడర్ కంపెనీ వాళ్ళ పుస్తకం చదివాను.

20 జూలై, ఆదివారం

ఏలూరులో సిరాజుద్దీన్‌గారి షాపుకి వెళ్ళాను. మావయ్యగారి చెంచా ఇరవై ఏళ్ళ కిందట ఆయన చేసిందే, ఇత్తడిది. కొత్త పౌడర్‌కి ఇంకా చిన్నది కావాలన్నాను. అంచుతో సమానంగా గీస్తే నా తూకం కన్నా కాస్త తక్కువే పడాలి, ఆ మిగతాది త్రాసు మీద చిటికెడు చిటికెడు కలుపుకుంటాను అని చెప్పి చేయించుకున్నాను. ఆయన పాత చెంచా గుర్తుపట్టి, మేడమ్‌గారు, దీన్ని బాగా వాడారండీ, అంచు అరిగిపోయింది, నింపిన చెయ్యి మంచిది అన్నారు. మావయ్యగారికి చెప్తే మురిసిపోయారు.

27 జూలై, ఆదివారం

నేను నింపినవి మావయ్యగారు రేంజ్‌లో కాల్చి చూశారు. పుస్తకంలో అన్నిటికన్నా తక్కువ చెప్పిన తూకంతో మొదలుపెట్టాను. ఐదు తూటాలు. తర్వాత వెంట్రుకవాసి పెంచి ఐదు, ఇంకాస్త పెంచి ఐదు. ప్రతిసారీ కాల్చిన కేసు తీసి అడుగున ప్రైమర్, అంటే నిప్పు రాజేసే బిళ్ళ, చూడాలి. ప్రైమర్ అంచు గుండ్రంగా ఉంటే సుఖం, చపాతీలా అణిగితే ఆగిపోవాలి. కేసు సిలిండర్‌లోంచి తనంతట తాను జారాలి. బలవంతంగా లాగాల్సి వస్తే ఆ రోజుకి పెట్టె సర్దుకోవాలి.

మూడో మెట్టు దగ్గర ఐదు కన్నాలూ ఒక గుప్పెటలో పడ్డాయి. నాలుగో మెట్టు కూడా చూద్దామా అన్నాను, చూడాలని చెయ్యి దురద పెట్టింది. పులుసు కుదిరాక ఇంకో చెంచా కారం వేస్తామా అమ్మా అన్నారు మావయ్యగారు. మూడో మెట్టు దగ్గరే ఆగాం.

5 ఆగస్టు, మంగళవారం

నాలుగు రోజులుగా ముసురు. పౌడర్ డబ్బా మూత మూడుసార్లు చూసుకున్నాను.

7 ఆగస్టు, గురువారం

మ్యాచ్‌కీ ప్రాక్టీసుకీ కలిపి యాభై. ముప్ఫై పూర్తయ్యాయి. ఒక్కో చిటికె తూచడం, టార్చి వేసి కేసులోకి తొంగి చూడడం, అప్పుడు మూతిన సీసం గుండు నొక్కడం. మెడ పట్టేసింది. ఇరవై కేసులు ట్రేలో ఉండిపోయాయి. రేపు జంగారెడ్డిగూడెంలో పామాయిల్ వేబ్రిడ్జిల తనిఖీ. వరలక్ష్మీ వ్రతం నాడు క్యాంపు వేసిన మహానుభావుడెవరో గానీ ఆయనకి ఇంట్లో ఆడవాళ్ళు లేరనుకుంటా. బీరువాకి తాళం వేసి, తాళంచెవి అత్తయ్యగారికి ఇచ్చాను. ఇంట్లో తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి.

9 ఆగస్టు, శనివారం

చూస్తే పెట్టెలో యాభైకి యాభై ఉన్నాయి. మావయ్యగారే భూతద్దం పెట్టుకుని పూర్తి చేసినట్టున్నారు. పోనీలే, నా మెడ బతికింది.

10 ఆగస్టు, ఆదివారం

ఇవాళ మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసు.

రేంజ్‌లో మూడు తూటాలు మామూలుగా పేలాయి. నాలుగోది పేలినప్పుడు చప్పుడే వేరు. మావయ్యగారి చెయ్యి నుదుటి దాకా లేచింది. సిలిండర్ తెరుచుకోలేదు. అరచేత్తో కొట్టి తెరిస్తే కేసు ఊడి రాలేదు. చివరికి తీసి చూస్తే ప్రైమర్ పూర్తిగా చపాతీ అయిపోయింది.

ఆయన మాత్రం హుషారుగా, ఇది బాగా వచ్చిందమ్మా, ఇంకోటి పెట్టు అన్నారు. పెట్టనన్నాను. మిగతావి మంచివే కదా అన్నారు. ఏవి మంచివో నాకు తెలియదు మావయ్యగారూ అని పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఆయన మాట కాదనడం ఇదే మొదలు. రేంజ్ ఆఫీసర్ సత్తిబాబుగారు వచ్చి ప్రైమర్ చూసి, ఏవండీ రాజుగారూ, కోడలిగారి మాట వినండి, అదే మాదిరిది ఇంకోటి పేలితే చెయ్యి మిగలదండీ అన్నారు.

11 ఆగస్టు, సోమవారం

ముందు నన్నే అనుమానించుకున్నాను. ఇంటి త్రాసుని ఆఫీసుకి పట్టుకెళ్ళి ప్రామాణిక తూకాలతో పరీక్షించాను. ఒక్క పిసరు తేడా లేదు. అంటే త్రాసు కాదు. ముసురుకి పౌడర్ చెమ్మగిల్లిందా అంటే, చెమ్మ తగిలితే బలం తగ్గాలి గానీ పెరగకూడదు. సీసం గుండు లోపలికి ఎక్కువ దిగిందేమో అని మిగిలిన నలభై ఆరింటి పొడవూ కొలిచాను. అన్నీ ఒకటే. పోనీ తూటాని విప్పకుండానే తూచి పట్టుకుందామంటే ఇత్తడి కేసుల బరువులోనే అంతకన్నా తేడా ఉంది.

భయం సంగతి అలా ఉంచితే, ఏమై ఉంటుందో తెలుసుకోకుండా అన్నం సహించడం లేదు.

12 ఆగస్టు, మంగళవారం

సెలవు పెట్టాను. సుత్తిలాంటి సాధనం ఒకటుంది. తూటాని దాని తలలో బిగించి నేల మీద మొత్తితే గుండూ పౌడరూ ఊడి వస్తాయి. ఒక్కొక్కటీ విప్పి తూచాను. మొదటి పది సరిగ్గా నా తూకమే. పదకొండోది ఒలకపోస్తేనే తెలిసిపోయింది. మొత్తం మీద ఇరవై ఏడు నావి. పందొమ్మిది పుస్తకం ఆగమన్న గీత దాటి ఎక్కడికో పోయాయి.

ఆ పందొమ్మిదిలో ఏ రెండూ ఒక్కలా లేవు. త్రాసు తప్పయితే అన్నీ ఒకేలా తప్పాలి. ఇది అసలు తూచని చెయ్యి. పేలింది ఇరవయ్యోది.

13 ఆగస్టు, బుధవారం

పొద్దున కాఫీ దగ్గర మావయ్యగారిని అడిగాను, శుక్రవారం ఆ ఇరవై మీరు ఎలా నింపారండీ అని. నేనెక్కడ నింపానమ్మా, నువ్వే కదా అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వంటింట్లోంచి అత్తయ్యగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేనే పోశానమ్మా, నువ్వు మెడ పట్టుకుని కూర్చుంటే చూడలేక అన్నారు.

మా అత్తగారు వెంకటనరసమ్మగారు. ఈ ఇంట్లో తూటాలు నింపేది ఇరవై ఏళ్ళుగా ఆవిడేనట. ఆయన పేపరు చదువుకుంటూ కూర్చుంటే ఆవిడ పౌడర్ పోసి గుండు నొక్కేవారట. నోట్‌బుక్‌లో రాత మావయ్యగారిది, చెయ్యి ఆవిడది. ఆయన తలవంచుకుని, అవునమ్మా, చెప్పుకోవడానికి నామోషీ వేసింది అన్నారు. కొత్త పౌడర్‌కి చెంచా చాలదని, త్రాసు తప్పదని తెలిసే ఈసారి నాకు అప్పగించారట.

ఆ చిన్న చెంచాతో ఎలా కొలిచారండీ అని అడిగాను. బియ్యం కొలిచినట్టే, గుట్టగా. అంచుకి గీసి పోస్తే ఇంటికి లోటు కదమ్మా, అందులోనూ శ్రావణ శుక్రవారం, వ్రతం పూటా అన్నారు.

పాత డబ్బా అడుగున ఉన్నది తీసి, ఆవిడ చేతే పాత చెంచాతో పోయించి తూచాను. అదే ఐదుసార్లు చేశాం. చేతికి అలవాటైన చెంచా కదా, ఐదుసార్లూ దాదాపు ఒక్కలాగే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆయన గురి కుదిరింది ఆ గుట్టతోనే. పాత పౌడర్ ఆ గుట్టని భరించింది. కొత్తది భరించదు.

అలాంటిది ఇంకోటి పేలి ఉంటే మావయ్యగారి చెయ్యి పోయేదండీ అనేశాను. నా నోరంతే. ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. నాకు ఏడుపొచ్చింది. పౌడర్ మార్చింది నేను, చెంచా మార్చింది నేను, ఆ సంగతి ఇంట్లో మగాయనకి మాత్రమే చెప్పింది నేను. నింపే చెయ్యి ఎవరిదని ఒక్కసారైనా అడగలేదు. పెట్టె నిండితే విప్పి చూడకుండా ముద్ర వేసేశాను. ఇలాంటి ఇన్‌స్పెక్టర్‌ని ఎవరైనా సస్పెండ్ చేయాలి.

మ్యాచ్ మానేస్తానని మావయ్యగారు అన్నారు. ఎవరి మీదా కోపం లేదట. వేలు బిగించేటప్పుడు ఆ చప్పుడు గుర్తొస్తోందట.

14 ఆగస్టు, గురువారం

ఆఫీసు నుంచి వచ్చి అత్తయ్యగారిని త్రాసు ముందు కూర్చోబెట్టాను. భూతద్దంలో రెండు పౌడర్లూ విడివిడిగా చూపించి, ఏది ఎంత త్వరగా కాలుతుందో అరగంట లెక్చర్ ఇచ్చాను. ఆవిడ అంతా విని, అంటే పాత బియ్యానికి నీళ్ళెక్కువ పోస్తాం, కొత్త బియ్యానికి తక్కువ, అంతేగా, ఆ ముక్క ముందే చెబితే సరిపోయేది కదమ్మా అన్నారు.

పుస్తకం మూసి కొత్త చెంచా ఆవిడ చేతికిచ్చాను.

తర్వాత అన్నీ ఆవిడే తూచారు. నేను టార్చి పట్టుకుని లోపలికి చూడడమే. పాత డబ్బా బీరువాలో ఉంది, బల్ల మీద కొత్తదొక్కటే. మధ్యలో ఒకదానిలో రెండు రేకులు ఎక్కువ పడితే పట్టకారుతో తీసేశారు. ఇక వ్రతం పూటయినా గుట్ట లేదు అని గొణుక్కున్నారు.

16 ఆగస్టు, శనివారం

రేంజ్‌కి ముగ్గురం వెళ్ళాం. మావయ్యగారు ఒక్క తూటా పెట్టి రివాల్వర్ ఎత్తారు, దించారు. మళ్ళీ ఎత్తారు, దించారు. ఆయన్ని అలా చూడడం నాకు చాలా కష్టమనిపించింది.

అత్తయ్యగారు ముందుకొచ్చి, ఏవండీ, అదిలా ఇవ్వండి, నేను పోసింది నేనే కాలుస్తాను, పోతే నా చెయ్యే పోనివ్వండి అన్నారు. మావయ్యగారు ఇవ్వనన్నారు. ఆవిడ చెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డారు. సత్తిబాబుగారు కళ్ళద్దాలూ చెవులకి మఫ్సూ తెచ్చి పెట్టి, రెండు చేతులతో ఎలా పట్టుకోవాలో చూపించి, పక్కనే నిలబడ్డారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని కాల్చారు.

మామూలు చప్పుడే. సిలిండర్ తెరవగానే కేసు జారి నా అరచేతిలో పడింది. ప్రైమర్ అంచు గుండ్రంగా ఉంది. టార్గెట్ మీద మాత్రం ఎక్కడా కన్నం లేదు.

అత్తయ్యగారు ఇంకోటి పెట్టమన్నారు. పరీక్షకి ఒకటి చాలండీ అన్నాను. పరీక్షకి కాదమ్మా, తగల్లేదుగా అన్నారు. ఆరు కాల్చారు. ఆరోది కాగితం మూలకి తగిలింది. ఆ తర్వాత మావయ్యగారు రివాల్వర్ తీసుకుని ఐదు కాల్చారు, చెయ్యి దించకుండా.

17 ఆగస్టు, ఆదివారం

మావయ్యగారికి మూడో స్థానం. వచ్చేటప్పుడు భీమడోలులో టీకి ఆగాం. లైసెన్సు అప్లికేషన్‌కి ఎన్ని ఫొటోలు కావాలమ్మా అని అత్తయ్యగారు అడిగారు.