మూడేళ్ల వారంటీ

ఏమండీ,

ఈరోజు మన స్నేహకు కాలేజీ చదువు కోసం లాప్‌టాప్ కొన్నాను. రంగు లైట్లు వెలిగే కీబోర్డు కావాలంది. అవి వద్దు, ఆ డబ్బుతో పదహారు జీబీ ర్యామ్ తీసుకోమన్నాను. కాసేపు అలిగి ఒప్పుకుంది.

వారంటీ దగ్గరకొచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. ఏడాదిది ఉచితం, మూడేళ్లదానికి విడిగా కట్టాలట.

"మన దుర్గాపూర్ గనుల బొగ్గు దుమ్ము ఎరికే కదమ్మా, ఫ్యాన్ల పడితే మెషీన్ గరమైతది. మీరే విప్పిన్రనుకో, వారంటీ ఖతం," అన్నాడు దుకాణదారు.

స్నేహ నవ్వింది. "తాత ఉంటెనా, ఇంటికి పోంగనే విప్పుతుండె నానమ్మా!"

నిజమే. గనిలో ఎలక్ట్రీషియన్ పని చేసి అలసి వచ్చినా, కొత్త రేడియో అయినా మిక్సీ అయినా ముందు మరలు విప్పి లోపల చూసేవారు. గ్యారంటీ పోతుందని నేను కేకలేసేదాన్ని. మీరున్నన్నాళ్లూ మన ఇంటి వస్తువేదీ రిపేరు దుకాణం ఎక్కలేదు.

"ఇంట్ల చూసెటోళ్లు ఉన్నరంటే ఏడాదిది చాలమ్మా. ఉన్నరా?" అని అడిగాడతను.

స్నేహ నా వైపు చూసింది.

మూడేళ్లదే రాయమన్నాను.

మీ
సుగుణ