మా ఊరి సున్నా

అమ్మకు,

నీ పెద్దబ్బాయి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని ముందుగా రాయాలి కదా, రాశాననుకో. నీ దగ్గు తగ్గిందని తలుస్తాను.

నువ్వు పంపిన దుప్పట్లు అందాయి. నీ కోడలికి నీమీద అలక తీరింది. ఆసుపత్రిలో నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెద్ద డాక్టరు "చూద్దాం" అన్నాడు. రోగులతోనూ ఆయన అదే మాటంటాడు.

ఇక పేపరు సంగతి. "ఫ్లూ చావుల పట్టికలో మీ ఊరి పక్కన సున్నా వేశారు, అదృష్టవంతులు, అందుకే కడుపుతో ఉన్న చెల్లిని మీ దగ్గరికి పంపాను" అని రాశావు. ఆ సున్నా ఎలా పుడుతుందో చెప్తాను. ఫ్లూతో పోయారని లెక్కలో రాయాలంటే రోగి ముక్కులో పుల్ల పెట్టి, పరీక్షకు పంపి, కాగితం తెప్పించాలి. పుల్లలు అయిపోయి చాలా కాలమైంది. దగ్గి దగ్గి పోయినవాళ్ళందరికీ డాక్టరు "గుండె ఆగింది" అని రాస్తున్నాడు. అబద్ధమేం కాదు, ఎవరికైనా చివరికి ఆగేది అదేగా! వారం వారం లెక్క పంపేది నేను. మంచాలు చాలక జనాన్ని వరండాలో పడుకోబెట్టిన వారం కూడా సున్నాయే పంపాను.

దేశం మొత్తంలో ఎంతమంది పోయారో అంచనా కట్టడానికి పైనుంచి ఒకాయన వచ్చాడు. నా సున్నాలు చూసి, "మీ ఊరి గాలి మంచిదండీ" అన్నాడు. దగ్గుతూనే అన్నాడు.

నీకైనా నిజం రాయాల్సింది. కానీ నీ నోట్లో నువ్వుగింజ నానదు. నలుగురికీ చెప్తావు, నా ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఊరుకున్నాను. చెల్లి బస్సు దిగినప్పుడు కూడా వెనక్కి పొమ్మనలేదు. పెట్టె అందుకున్నాను.

దాని కాళ్ళవాపు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. తర్వాత జ్వరం పట్టుకుంది. "అన్నయ్యా, మీ ఊళ్ళో ఆ రోగం లేదుగా, ఇది మామూలు జలుబే కదూ?" అంది. అవునన్నాను.

ఆదివారం పొద్దున పోయిందమ్మా. ఆ రోజే పుల్లల పెట్టె వచ్చింది. "దీనికైనా పరీక్ష చేయించండి సార్" అని డాక్టరు కాళ్ళు పట్టుకున్నాను. "పోయినవాళ్ళ మీద పుల్ల దండగయ్యా, బతికున్నవాళ్ళకే చాలవు" అన్నాడు. గుండె ఆగిందనే రాశాడు. కడుపులో బిడ్డ గుండె సంగతి ఎవరూ రాయలేదు.

చెల్లి మొగుడికి నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

వాళ్ళమ్మ మీద బెంగ పెట్టుకుందని చెల్లి పెద్దపిల్లను కూడా పంపుతానన్నావు. పంపకు. ఈ వారం పేపర్లోనూ మా ఊరి పక్కన సున్నాయే ఉంటుంది. చెల్లిని తగలబెట్టి వచ్చి నేను పంపిన సున్నా అది.

ఇట్లు,
దాని అన్నయ్య